సిర్ఫిడ్ ఈగను గుర్తుపట్టడం, దాని పేరును చదవడం ఎలా

పూల మీద గాలిలో కదలకుండా నిలబడి, చటుక్కున పక్కకు జరిగి, మళ్ళీ అదే చోటికి వచ్చి నిలబడే పసుపు, నలుపు చారల పురుగును చూసి చాలామంది తేనెటీగ అనో, చిన్న కందిరీగ అనో అనుకుంటారు. అది ఈగ. దానికి కుట్టే ముల్లు లేదు. కందిరీగ వేషం వేసుకుని పక్షులను భయపెట్టడమే దాని రక్షణ. హోవర్‌ఫ్లై అనీ, వ్యవసాయ పుస్తకాలలో సిర్ఫిడ్ ఈగ అనీ పిలిచే ఈ కుటుంబంలో ఇప్పటికి 6,000కు పైగా జాతులకు పేర్లు పెట్టారు. పట్టుకున్న ఈగను ఏ మేరకు గుర్తించవచ్చో, గుర్తించాక దొరికే పేరు పక్కన ఉండే మనిషి పేరు, సంవత్సరం, కుండలీకరణాలు ఏం చెబుతాయో ఈ వ్యాసంలో వివరిస్తాను. ఇవి రెండు వేర్వేరు పనులుగా కనిపిస్తాయి కానీ కావు. ఏ లక్షణాన్ని నమ్మి ఎవరు ఏ ఈగను ఎక్కడ చేర్చారో తెలియకపోతే పాత పుస్తకంలోని పేరూ కొత్త జాబితాలోని పేరూ ఒకే ఈగవని తెలుసుకునే దారి ఉండదు.

ముందుగా పది రెట్లు పెద్దదిగా చూపే చేతి భూతద్దం ఒకటి సంపాదించుకోవాలి. ఫోటోలతోనే పని చేసేవారు ఒక్క ఫోటోతో సరిపెట్టుకోకుండా పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, ముఖానికి ఎదురుగా ఒకటి, రెక్క విప్పినప్పుడు దాని ఈనెలు కనిపించేలా మరొకటి తీయాలి. పైనుంచి తీసిన అందమైన ఫోటో ఒక్కటే ఉంటే చాలా సందర్భాలలో ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) దగ్గరే ఆగిపోవలసి వస్తుంది.

ఇక ఈగను చూడండి. తేనెటీగకు, కందిరీగకు నాలుగు రెక్కలు, పొడవైన స్పర్శశృంగాలు ఉంటాయి. ఈగకు రెండే రెక్కలు. వెనుక జత స్థానంలో గుండుసూది తలలాంటి చిన్న సంతులనాంగాలు ఉంటాయి. స్పర్శశృంగాలు చాలా సిర్ఫిడ్ ఈగలలో పొట్టిగా ఉండి, వాటి మీద ఒక సన్నని కేశం నిలుస్తుంది. ఇది ఈగ అని తేలాక అసలు పరీక్ష రెక్క మీద చేయాలి. రెక్కను వెలుతురుకు అడ్డంగా పట్టి చూస్తే నిజమైన ఈనెల మధ్య, రెక్క నడిమి భాగంలో, పొడవునా సాగే ఒక మసక గీత కనిపిస్తుంది. అది మధ్యలో ఒక అడ్డ ఈనెను దాటుకుని పోతుంది గాని, రెండు చివరలా ఏ ఈనెనూ కలవకుండా గాలిలో వేలాడినట్టు ముగిసిపోతుంది. దీన్ని శాస్త్రజ్ఞులు వీనా స్పూరియా, అంటే దొంగ ఈనె అంటారు. కొద్ది జాతులలో అది చాలా మసకగా ఉంటుంది, కానీ స్పష్టంగా కనిపించిందంటే కుటుంబం విషయంలో ఇక సందేహం అక్కరలేదు. దానితో పాటు రెక్క బయటి అంచుకు కొంచెం లోపలగా ఈనెలు మలుపు తిరిగి, అంచుకు సమాంతరంగా సాగి, రెండో అంచులా కనిపించడం కూడా ఈ కుటుంబపు గుర్తే.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. రంగును నమ్మవద్దు. ఎపిసిర్ఫస్ బాల్టియాటస్ అనే నారింజ రంగు ఈగ ఉదరం మీద ఒక్కో ఖండానికి రెండేసి నల్లని పట్టీలు ఉంటాయి, ఒకటి లావు, ఒకటి సన్నం. ఒకసారి చూస్తే మరచిపోలేని గుర్తు అది. కానీ చలిలో ప్యూపా దశ గడిపిన ఈగలలో ఆ పట్టీలు వెడల్పై, ఉదరమంతా నల్లబడినట్టు ఉంటుంది. అలాంటి నల్లని ఈగనొకదాన్ని నేను వేరే జాతి అనుకుని చాలాకాలం వేరుగా దాచుకున్నాను. వొలుసెల్లా బాంబిలాన్స్ సంగతి ఇంకా చిత్రం: ఈ ఒక్క జాతిలోనే వేర్వేరు బంబుల్‌బీలను అనుకరించే రూపాలున్నాయి, తోక దగ్గర ఎర్రని వెంట్రుకలతో ఒకటి, తెల్లని వెంట్రుకలతో మరొకటి. స్వీడన్‌కు చెందిన డి గేర్ 1776లో తెల్లని తోక రూపానికి ప్లుమాటా అని వేరే జాతి పేరే పెట్టాడు. ఇప్పుడు దాన్ని అదే జాతిలోని ఒక రూపంగా లెక్కిస్తున్నారు.

అందుకని రంగును పక్కన పెట్టి నిర్మాణం చూసి ఉపకుటుంబాన్ని నిర్ణయించాలి. తల వెనుక, ఉరం (రెక్కలు, కాళ్ళు ఉండే నడిమి భాగం) ముందు మూలల్లో రెండు చిన్న బుడిపెలు ఉంటాయి. ఆ బుడిపెల మీద వెంట్రుకలు లేకుండా, తల వెనుక భాగం లోపలికి వంగి వాటిని కప్పేస్తే ఆ ఈగ సిర్ఫినే ఉపకుటుంబానిది. ఈ గుంపులో ఎక్కువ వాటి లార్వాలు పేనుబంకను తిని బతుకుతాయి. రైతుకు మేలు చేసే ఈగ అని పేరొచ్చింది వీటి వల్లనే. బుడిపెలు బయటికి కనిపిస్తూ వెంట్రుకలతో ఉంటే ఎక్కువ సందర్భాలలో అది ఎరిస్టాలినే ఉపకుటుంబానిది. స్పర్శశృంగాలు పొడవుగా ఉండి, రెక్కలోని ఒక పొడవైన ఈనె నుంచి కింది గదిలోకి (ఈనెల మధ్య ఖాళీలోకి) చిన్న మొలకలాంటి ముక్క పొడుచుకొస్తే అది మైక్రోడాంటినే ఉపకుటుంబానిది అయ్యే అవకాశం ఎక్కువ. అందులోని మైక్రోడాన్ ప్రజాతి లార్వాలు చీమల గూళ్ళలో, కాళ్ళు లేని గుండ్రని బిళ్ళల్లా ఉంటాయి. పంతొమ్మిదో శతాబ్దంలో వాటిని చూసి నత్తజాతి జీవులనుకుని మొలస్కాల పేర్లు కూడా పెట్టారంటే అవి ఈగకు ఎంత దూరంగా కనిపిస్తాయో ఊహించుకోవచ్చు.

మిగిలినది పిపిజా అనే ప్రజాతి, దాని బంధువులు. ఇవి చిన్నగా, నల్లగా, వెంట్రుకలతో ఉంటాయి. ముఖం మధ్యలో ఉండవలసిన ఉబ్బు లేకుండా చదునుగా ఉంటుంది. బుడిపెల మీద వెంట్రుకలున్నందున పాత పుస్తకాలు వీటిని ఎరిస్టాలినేలో పెట్టాయి. కానీ లార్వాలు సిర్ఫినే వాటిలాగే పేనుబంకను తింటాయి. పెద్ద ఈగ ఒక మాట, లార్వా ఇంకో మాట చెబుతుంటే ఎవరిని నమ్మాలన్నది చాలాకాలం తగాదాగానే ఉండిపోయింది. 2015లో మెంగ్వల్, స్టాల్స్, రోహో డీఎన్ఏ ఆధారంగా వీటిని పిపిజినే అనే వేరే ఉపకుటుంబంగా నిలబెట్టారు. వీటికి సిర్ఫినేతోనే దగ్గర చుట్టరికమని తేలింది. మూడు ఉపకుటుంబాలని చెప్పే పుస్తకం మీ చేతిలో ఉంటే అది తప్పు పుస్తకం కాదు, అంతకు ముందుది. ఎరిస్టాలినే కూడా ఒకే మూలం నుంచి వచ్చిన గుంపు కాదని డీఎన్ఏ పరిశోధనలు చూపుతున్నాయి కనుక ఆ పేరును ప్రస్తుతానికి పని జరగడానికి వాడుకునే పేరుగానే తీసుకోవాలి.

ఉపకుటుంబం నుంచి ప్రజాతికి దిగడానికి మళ్ళీ రెక్క దగ్గరికే రావాలి. ఎరిస్టాలిస్, హెలోఫిలస్ ఈగలలో రెక్క పైభాగాన సాగే ఒక పొడవైన ఈనె మధ్యలో హఠాత్తుగా కిందికి దిగి, మళ్ళీ పైకి లేస్తుంది. తాడు మధ్యలో బరువు వేలాడదీసినట్టు ఉంటుంది. దానికి పైనున్న గది రెక్క అంచును చేరకముందే మూసుకుపోతే ఎరిస్టాలిస్ వైపు, అంచు దాకా తెరుచుకుని ఉంటే హెలోఫిలస్ వైపు వెళ్ళాలి. చాలా సిర్ఫిడ్ ఈగలలో మగవాటి కళ్ళు నడినెత్తిన కలుసుకుంటాయి, ఆడవాటివి కలవవు. హెలోఫిలస్ మగవాటి కళ్ళు మాత్రం విడిగానే ఉంటాయి కనుక అక్కడ కళ్ళను బట్టి ఆడో మగో తేల్చకూడదు.

ఎరిస్టాలిస్ టెనాక్స్‌ను గుర్తించడం మొదట నేర్చుకోవడం మంచిది, ఎందుకంటే ఇది దాదాపు ప్రపంచమంతటా ఉంది. తేనెటీగను అచ్చుగుద్దినట్టు పోలి ఉంటుంది. ముఖం మధ్యలో వెడల్పైన నల్లని చార, కళ్ళ మీద నిలువుగా రెండు ముదురు వెంట్రుకల పట్టీలు ఉంటాయి. దీని లార్వా మురికి నీటిలో పెరుగుతూ, పొడవైన తోకలాంటి గొట్టాన్ని నీటిపైకి పెట్టి గాలి పీలుస్తుంది. చచ్చిన ఎద్దు కళేబరం నుంచి తేనెటీగలు పుడతాయని ప్రాచీన గ్రీకు, రోమన్ రచయితలు నమ్మడానికి కారణం ఈ ఈగేనని 1894లో ఓస్టెన్-సాకెన్ వాదించాడు. రష్యా ప్రభుత్వం తరఫున న్యూయార్క్‌లో కాన్సుల్ జనరల్‌గా పనిచేసిన ఈ దౌత్యాధికారి అమెరికా ఈగల శాస్త్రానికి పునాది వేసినవారిలో ఒకడు. ఈగల మీద పనిచేసినవారిలో ఇలా మరో ఉద్యోగం చేసుకున్నవారే ఎక్కువ. 1901లో బ్రిటన్ సిర్ఫిడ్ ఈగల మీద పెద్ద గ్రంథం తెచ్చిన వెరాల్ గుర్రప్పందాల అధికారి. 1886లో ఉత్తర అమెరికా జాతులను క్రోడీకరించిన విల్లిస్టన్ శిలాజాల నిపుణుడు. భారత ఉపఖండపు ఈగలను 1923 నాటి గ్రంథంలో వివరించిన బ్రునెట్టి సంగీత విద్వాంసుడు.

ఇప్పుడు పేరు చదవడం. ఎరిస్టాలిస్ టెనాక్స్ (లిన్నేయస్, 1758) అని రాసి ఉంటే, టెనాక్స్ అనే జాతి పేరును 1758లో స్వీడన్ ప్రకృతి శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ పెట్టాడని, అయితే అప్పుడు ఆయన దాన్ని పెట్టిన ప్రజాతి ఎరిస్టాలిస్ కాదని అర్థం. ఆ రెండో సంగతి చెప్పేది కుండలీకరణాలే. లిన్నేయస్ ఈ ఈగలను చాలామటుకు ఇంటి ఈగతో కలిపి మస్కా అనే ఒకే ప్రజాతిలో పెట్టాడు. ఆయన శిష్యుడు ఫాబ్రిషియస్ 1775లో సిర్ఫస్‌ను, ఫ్రాన్స్‌కు చెందిన లాత్రెయ్ 1804లో ఎరిస్టాలిస్‌ను వేరు చేశారు. సిర్ఫిడే కుటుంబం పేరు కూడా 1802లో లాత్రెయ్ పెట్టినదే. దీనికి భిన్నంగా సిర్ఫస్ టోర్వస్ ఓస్టెన్-సాకెన్, 1875 అన్న పేరులో కుండలీకరణాలు లేవు, ఎందుకంటే ఆ జాతి పెట్టిననాటి నుంచి సిర్ఫస్‌లోనే ఉంది. కొత్తగా నేర్చుకునేవారు ఈ కుండలీకరణాలను అలంకారం అనుకుని వదిలేస్తారు, లేదా అందం కోసం అన్నిటికీ పెట్టేస్తారు, రెండూ తప్పే.

ప్రజాతి మారినప్పుడు జాతి పేరు చివర కూడా మారవచ్చు. మస్కా లాటిన్‌లో స్త్రీలింగం కనుక డి గేర్ మస్కా బాల్టియాటా అన్నాడు. ఎపిసిర్ఫస్ పుంలింగం కనుక అది బాల్టియాటస్ అయింది. లిన్నేయస్ పెట్టిన మస్కా పెండ్యులా హెలోఫిలస్‌లోకి వచ్చి పెండ్యులస్ అయింది; మస్కా మెల్లినా నపుంసకలింగమైన మెలనోస్టోమాలో చేరి మెల్లినమ్ అయింది. టెనాక్స్‌కు మూడు లింగాలలోనూ ఒకే రూపం, సిర్ఫస్ ప్రజాతిలోని రిబేసీ అనే జాతి పేరు రైబీస్ మొక్కకు చెందినది అనే షష్ఠీ రూపం. కనుక అవి ఎక్కడికి వెళ్ళినా మారవు. పాత జాబితాలలో వెతికేటప్పుడు చివరి అక్షరాలను వదిలేసి మూలాన్ని మాత్రమే వెతికితే సగం శ్రమ తగ్గుతుంది.

ప్రజాతి పేర్ల విషయంలో మాత్రం ఆ చిట్కా పనిచేయదు, దానికి కారణం మైగెన్. జర్మనీలోని ఆహెన్ దగ్గరి స్టోల్‌బెర్గ్‌లో ఫ్రెంచ్ పాఠాలు చెప్పుకుంటూ పేదరికంలో బతికిన యోహాన్ విల్హెల్మ్ మైగెన్ (1764–1845) ఐరోపా ఈగలన్నిటినీ ఏడు సంపుటాలలో వివరించాడు. ఫాబ్రిషియస్ నోటి భాగాలొక్కటే చూసి వర్గీకరించగా, మైగెన్ రెక్కల ఈనెలతో సహా అనేక లక్షణాలను కలిపి చూశాడు; పైన మనం చేసిన రెక్క పరీక్ష ఆ మార్గంలోదే. అయితే ఆయన 1800లో ఒక చిన్న పుస్తకంలో ప్రజాతులకు కొన్ని పేర్లు పెట్టి, 1803 నుంచి వాటిని తానే వదిలేసి వేరే పేర్లు వాడాడు. లోకమంతా రెండో పేర్లకు అలవాటు పడ్డాక, 1908లో ఆస్ట్రియా ఈగల శాస్త్రజ్ఞుడు ఫ్రీడ్రిష్ హెండెల్ ఆ మరుగున పడిన పుస్తకాన్ని వెలికితీసి, ముందు పెట్టిన పేరుకే ప్రాధాన్యమన్న నియమం ప్రకారం 1800 నాటి పేర్లే చెల్లాలన్నాడు. అర్ధశతాబ్దం పాటు ఒకే ఈగను కొందరు జైలోటా అన్నారు, కొందరు జెలిమా అన్నారు. చివరికి 1963లో జంతు నామకరణ అంతర్జాతీయ కమిషన్ 678వ అభిప్రాయంతో 1800 నాటి పేర్లను రద్దు చేసింది. నియమం ప్రకారం హెండెల్ వాదం సరైనదే. అయినా కమిషన్ చేసినదే మంచిదని నా అభిప్రాయం. 1908కి, 1963కి మధ్య అచ్చయిన పుస్తకం వాడుతున్నట్టయితే అందులోని ప్రజాతి పేర్లను ఇప్పటి జాబితాతో ఒక్కొక్కటిగా పోల్చుకోక తప్పదు. ఫ్రాన్సిస్ వాకర్ పేరు కనిపించినచోట కూడా ఇలాగే ఆగి చూడాలి. బ్రిటిష్ మ్యూజియం కోసం ఆయన హడావుడిగా పెట్టిన పేర్లలో చాలా వాటికి అప్పటికే వేరే పేర్లున్నాయని తర్వాత తేలింది.

జాతి దాకా వెళ్ళడం అన్నిసార్లూ సాధ్యపడదు. సిర్ఫస్ ప్రజాతినే తీసుకోండి. కళ్ళ మీద వెంట్రుకలుంటే టోర్వస్ అయ్యే అవకాశముంది. లేకపోతే ఆడ ఈగ వెనుక కాలి తొడ చూడాలి: మొత్తం పసుపైతే రిబేసీ, మొదలు వైపు ఎక్కువ భాగం నల్లగా ఉంటే విట్రిపెన్నిస్. మగ ఈగలలో ఈ తేడా పనికిరాదు. రెక్క మొదట్లోని రెండో గది అంతటా సూక్ష్మమైన రోమాలు పరుచుకుని ఉన్నాయా, మధ్యలో ఖాళీలున్నాయా అని సూక్ష్మదర్శినిలో చూడవలసిందే. స్ఫెరోఫోరియా, పారాగస్ వంటి ప్రజాతులలో మగవాటి జననాంగాలు పరీక్షిస్తేనే గాని జాతి తేలదు, చాలా ఆడ ఈగలకు జాతి పేరు చెప్పడమే కుదరదు. అలాంటప్పుడు ప్రజాతి పేరు రాసి ఆగాలి. చీటీ మీద తేదీ, స్థలం, ఆడో మగో, ఏ పువ్వు మీద దొరికిందో, ఏ లక్షణం చూసి ఆ పేరు పెట్టారో, ఏ పుస్తకం వాడారో రాయండి. పేరును రేపు ఎవరైనా మార్చవచ్చు; మీరు చూసిన లక్షణం రాసి ఉంటే కొత్త పేరు కోసం ఆ ఈగను మళ్ళీ పట్టుకోవలసిన పని ఉండదు.