మన ఊరి రెండో పద్దు: మూడో పాఠం – సగటు చెప్పని సంగతి

పోయిన పాఠంలో తలసరి ఆదాయం ఎలా కడతారో చూశాం. మొత్తం ఆదాయాన్ని మొత్తం తలలతో భాగిస్తే వచ్చేదే అది. ఆ లెక్క వేసినవాళ్లకు ఒక సందేహం వచ్చే ఉంటుంది: "ఇంత ఆదాయం మా వీధిలో ఎవరికుంది?" ఆ సందేహంతోనే ఈ పాఠం మొదలుపెడదాం. నోట్‌బుక్కు, పెన్సిలు దగ్గర పెట్టుకోండి. ఊరికే చదివితే ఈ విద్య రాదు, చేత్తో వేస్తేనే వస్తుంది.

పది ఇళ్ల వీధి ఒకటి ఊహించుకోండి. ఆరు ఇళ్లకు ఏడాదికి 90 వేల చొప్పున వస్తుంది. మూడు ఇళ్లకు లక్షా 20 వేల చొప్పున. పదో ఇల్లు కంకర క్రషర్ నడిపే ఆసామిది, ఆయనకు 11 లక్షలు. అన్నీ కూడితే 20 లక్షలు, పదితో భాగిస్తే సగటు 2 లక్షలు. ఈ 2 లక్షల ఇల్లు వీధిలో ఒక్కటి కూడా లేదు. తొమ్మిది ఇళ్లు దానికి చాలా కింద ఉన్నాయి, ఒకటి చాలా పైన ఉంది.

మరుసటి ఏడు క్రషర్ ఆసామి ఆదాయం 15 లక్షలైంది. మిగతా తొమ్మిది ఇళ్లలో ఒక్క రూపాయి పెరగలేదు. ఇప్పుడు మొత్తం 24 లక్షలు, సగటు 2 లక్షల 40 వేలు. అంటే వీధి 20 శాతం వృద్ధి సాధించింది! ఈ లెక్కలో ఎక్కడా అబద్ధం లేదు. తొమ్మిది ఇళ్ల సంగతి చెప్పే గడి అందులో లేదు, అంతే.

ఆ గడే మధ్యగతం. ఆదాయాలను చిన్నదాని నుంచి పెద్దదాని దాకా వరసగా రాసి నట్టనడుమ ఉన్నదాన్ని చూడాలి. పది ఇళ్లు కాబట్టి అయిదోది, ఆరోది చూడండి. రెండూ 90 వేలే. పోయిన ఏడూ 90 వేలే, ఈ ఏడూ 90 వేలే. ఇక మీదట సగటు అంకె ఎక్కడ కనబడినా, పేపర్లో గానీ మీటింగులో గానీ, దాని మధ్యగతం ఎంతో వెతికే అలవాటు చేసుకోండి.

జాతీయాదాయం లెక్కకు పునాది వేసినవారిలో ముఖ్యుడు సైమన్ కుజ్నెట్స్. 1934లో అమెరికా చట్టసభకు ఆ లెక్క అప్పజెప్పినప్పుడే ఆయన ఒక హెచ్చరిక కూడా రాశాడు: జాతీయాదాయం అంకెను చూసి జాతి క్షేమం తెలుసుకోవడం కష్టమని. లెక్క అందరూ తీసుకున్నారు, హెచ్చరికను వదిలేశారు.

ఇక మన జిల్లాకు వద్దాం. కర్నూలు పడమటి మండలాల్లో, కోసిగి, ఆదోని, మంత్రాలయం వైపు, సంక్రాంతి దాటితే ఊళ్లు ఖాళీ అవుతాయి. గుంటూరు వైపు మిరప కోతలకు కుటుంబాలకు కుటుంబాలే కదులుతాయి. దీన్నే సుగ్గికి పోవడం అంటారు. ఒక ఏడు జనవరి చివర్లో కోసిగి దగ్గరి ఒక ఊరి బడికి వెళ్లాను. మూడో తరగతి గదిలో బెంచీలు సగానికి పైగా ఖాళీ. టీచరమ్మ హాజరు పట్టీ చూపించింది. ఒక్కో పేరు ఎదురుగా కొన్ని రోజుల టిక్కులు, ఆ తర్వాత పెన్సిల్‌తో సన్నగా "సుగ్గి", అక్కడి నుంచి గళ్లన్నీ తెల్లగా. పెన్నుతో ఎందుకు రాయలేదని అడిగాను. "పిల్లలు తిరిగొస్తే చెరపాలి కదా సార్" అంది. బడి పక్క ఇంట్లో ఒక అవ్వ ఇద్దరు మనవళ్లకు రొట్టె కాలుస్తా ఉంది. "అమ్మానాయనా ఉగాదికొస్తారు నాయనా, అందాక నా దగ్గరే" అంది. ఆ ఇద్దరికీ అవ్వ ఉంది కాబట్టి బడి మిగిలింది. అలా అవ్వలు లేని పిల్లల కోసమే ఈ కాలంలో సీజనల్ హాస్టళ్లు నడుపుతారు. అవి సమయానికి తెరవకపోతే పిల్లలు కూడా అమ్మానాయనలతో సుగ్గికి పోయే బండే ఎక్కుతారు.

ఈ ప్రయాణాన్ని రెండు పద్దుల్లో రాద్దాం. మొదటి పద్దు డబ్బుది. భార్యాభర్తలిద్దరూ చెరి 70 రోజులు పనిచేశారు, రోజుకు 450 కూలి అనుకుందాం. 140 రోజులకు 63 వేలు. అక్కడ తిండికి, దారి ఖర్చులకు 13 వేలు పోతే 50 వేలు చేతికొస్తాయి. ఈ అంకెలు అభ్యాసం కోసం వేసినవి, మీ ఊరివి మీరు కనుక్కోవాలి. ఈ పద్దు ప్రకారం కుటుంబం ఎదిగింది, రాష్ట్రం ఆదాయం కూడా ఆ మేరకు ఎదిగింది.

రెండో పద్దు బాగుది, అంటే ఇంటి క్షేమానిది. ఈ కుటుంబం వెంట ఒక పాప కూడా పోయింది. బడికి ఏడాదిలో సుమారు 220 పనిదినాలు. సంక్రాంతి దాటింది మొదలు ఉగాది దాకా 55 దినాలు పోతే, చదువులో నాలుగో వంతు పోయినట్టే. ఏటా ఇలాగే జరిగితే ఎనిమిదేళ్లకు 440 దినాలు, అంటే నిండా రెండేళ్ల బడి. సర్టిఫికెట్ మీద ఎనిమిదో తరగతి అని ఉంటుంది. ఆ పిల్ల బెంచీ మీద కూర్చున్నది ఆరేళ్లే.

అదే పద్దులో అప్పు గడి కూడా ఉండాలి. రెండు రూపాయల వడ్డీకి 50 వేలు తెచ్చి ఉంటే నెలకు వెయ్యి, ఏడాదికి 12 వేలు వడ్డీకే సరి. సుగ్గిలో మిగిలిన 50 వేలల్లో దాదాపు నాలుగో వంతు అసలు తగ్గకుండానే పోయింది. అదే అప్పు పొదుపు సంఘంలో రూపాయి వడ్డీకి దొరికితే 6 వేలు మిగులుతాయి. 450 కూలి చొప్పున 13 రోజుల కష్టం తప్పుతుంది. కూలి ఒక్క పైసా పెరగకపోయినా ఆ ఇల్లు బాగుపడింది. ఆదాయం, బాగు రెండూ ఒకటే అయితే ఇది జరగదు. ఈ పాఠంలో మీరు పట్టుకోవాల్సిన ముడి ఇదే కాబట్టి, ఈ పేరా అర్థం కాకపోతే ఇంకోసారి లెక్క వేసి చూడండి.

అయితే వృద్ధి వద్దా? అలా అనేవాళ్లతో నేను ఏకీభవించను. పన్నులు రాకపోతే టీచరమ్మకు జీతం రాదు, హాస్టల్ తెరవలేరు. ఉమ్మడి కర్నూలు జిల్లాలోనే ఓర్వకల్లు వైపు దాదాపు 6 వేల ఎకరాల్లో 1,000 మెగావాట్ల సోలార్ పార్కు ఉంది. అది రావడం మంచిదే. కానీ సోలార్ ప్లాంటు కట్టేటప్పుడు కావాల్సినంత మంది నడిపేటప్పుడు అక్కర్లేదు. పలకలు తుడవడానికి, కాపలాకు, మరమ్మతులకు కొద్దిమంది చాలు. కాబట్టి మెగావాట్లు పెరిగినంత మాత్రాన కోసిగిలో బండి ఎక్కే జనం తగ్గరు. ఆ కరెంటుతో, ఆ పన్నుతో పడమటి మండలాల్లో ఏం చేశారన్నది విడిగా అడగాల్సిన ప్రశ్న. పక్కనే అనంతపురం జిల్లా బండ్లపల్లిలో 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకం మొదలైంది. ఏడాదికి 100 రోజుల పని సొంత ఊళ్లోనే అన్నది అప్పటి హామీ. కరువు సీమలో దాని విలువ చిన్నది కాదు. కానీ చేసిన పనికి డబ్బులు ఎప్పుడు పడతాయో తెలియకపోతే, ఏ రోజు కూలి ఆ రోజుకు కావాల్సిన మనిషి ఊళ్లో ఆగడు. అందుకే మీ పద్దులో ఎన్ని రోజుల పని దొరికిందో రాసి, పక్కనే ఎన్ని రోజులకు డబ్బు పడిందో కూడా రాయండి.

ఇప్పుడు దేశం లెక్క ఒకటి వేద్దాం. 1990లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం మొదటి మానవాభివృద్ధి నివేదిక తెచ్చింది. దాని వెనక ఉన్నది పాకిస్తాన్ ఆర్థికవేత్త మహబూబ్ ఉల్ హక్, ఆయనకు తోడుగా అమర్త్య సేన్. ఆయుర్దాయం, చదువు, ఆదాయం అనే మూడింటిని 0 నుంచి 1 మధ్యకు మార్చి కలుపుతారు. అలా వచ్చే అంకెనే మానవాభివృద్ధి సూచిక అంటారు. 2025 నివేదికలో మన దేశం ఆయుర్దాయం 72 ఏళ్లు. కనిష్ఠం 20, గరిష్ఠం 85గా పెట్టుకున్నారు. 72 లోంచి 20 తీస్తే 52, 85 లోంచి 20 తీస్తే 65. 52ను 65తో భాగించండి, 0.8 వస్తుంది.

చదువుకు రెండు అంకెలు. ఇప్పుడు బడిలో చేరే పిల్ల ఎన్నేళ్లు చదువుతుందని ఆశించవచ్చో అది 13, దాన్ని 18తో భాగిస్తే 0.72. పాతికేళ్లు దాటినవాళ్లు సగటున చదివింది 6.9 ఏళ్లు, దాన్ని 15తో భాగిస్తే 0.46. రెండింటి సగటు 0.59. ఆదాయం అంకె 0.68 వస్తుంది. దానికి లాగరిథం కావాలి, అది మరో పాఠంలో నేర్చుకుందాం. మూడింటినీ గుణించి ఘనమూలం తీస్తే 0.685. ఆ నివేదికలో 193 దేశాల్లో మనది 130వ స్థానం.

కూడి మూడుతో భాగించకుండా గుణించడం ఎందుకు? 2010 దాకా కూడేవాళ్లు. అలా చేస్తే ఒకదాంట్లోని లోటును ఇంకొకటి కప్పేస్తుంది. 0.9, 0.9, 0.3 తీసుకోండి. మామూలు సగటు 0.7. గుణించి ఘనమూలం తీస్తే 0.62. బలహీనమైన కాలు ఇక్కడ దాగదు. మన మూడు కాళ్లలో బలహీనమైనది చదువేనని మీరే ఇప్పుడు లెక్క వేసి చూశారు.

ఇంత మంచి కొలతకు కూడా ఒక విషయం అందదు. అది చదివిన ఏళ్లను లెక్కపెడుతుంది, కూర్చున్న దినాలను కాదు. పెన్సిల్‌తో రాసిన ఆ "సుగ్గి" అందులో కనబడదు. అందుకే ఊరి పద్దు ఊళ్లోనే రాయాలంటున్నాను.

రాయడానికి ముందు అడగడం నేర్చుకోవాలి. నాకు ఇది రావడానికి చాలా కాలం పట్టింది. "నీళ్లకు ఇబ్బందా?" అని అడిగితే "ఏదో సాగుతాంది" అంటారు, దాన్ని ఏ గడిలో రాస్తాం? "నిన్న ఎన్ని బిందెలు తెచ్చినారు, ఎంతసేపు పట్టింది?" అని అడగండి. అదీ మోసే మనిషినే అడగండి. రోజుకు గంటన్నర అని చెబితే నెలకు 45 గంటలు, ఎనిమిది గంటల పనిదినాలుగా చూస్తే అయిదున్నర రోజులు. భూటాన్ తన దేశ సంతోషాన్ని కొలిచే తొమ్మిది రంగాల్లో సమయాన్ని కూడా పెట్టుకుంది. మన ఊళ్లో ఆడవాళ్ల సమయం ఏ కాగితం మీదా లేదు. ఆదాయం సూటిగా అడగకండి. పని ఎన్ని రోజులు దొరికింది, కూలి ఎంత అని అడిగి మీరే కట్టుకోండి. అప్పు గురించి నలుగురి ముందు ఎత్తనే ఎత్తకండి. పద్దులో పేర్లు రాయొద్దు, ఇంటికి ఒక నంబరు చాలు.

ఈ వారం పని: మీ వీధిలో పది ఇళ్లు. ఒక్కో ఇంటికి ఒక వరస, వరసకు అయిదు గళ్లు. పోయిన నెలలో పని దొరికిన రోజులు (అదే గడిలో రోజు కూలి కూడా), నెల వడ్డీ, నిన్న నీళ్లకు పట్టిన సమయం, ఈ ఏడు పిల్లలు బడికి పోని దినాలు. ఆదాయానికి సగటు, మధ్యగతం రెండూ కట్టి పద్దు అడుగున రాయండి. అయిదో గడిలో, ఊరొదిలి పోయిన పిల్ల తిరిగి బడికొచ్చిన తేదీ వేయండి. రాకపోతే ఆ గడి ఖాళీగానే ఉంచండి, కొట్టేయకండి, సున్నా కూడా పెట్టకండి. ఖాళీ గడుల్ని ఎలా లెక్కలోకి తీసుకోవాలో నాలుగో పాఠంలో చూద్దాం.