పైథాన్ నేర్చుకోవాలంటే ముందు ఆ ముప్పై వీడియోలు పక్కన పెట్టండి

పైథాన్ అంటే కంప్యూటర్ ప్రోగ్రాములు రాసే భాష. మా కావలిలో డిగ్రీ పిల్లలు ఎవరన్నా "అన్నా, పైథాన్ ఎక్కడ నేర్చుకోవాల?" అంటే నేను ముందు అడిగేది, ఇప్పటికి ఎన్ని వీడియోలు సేవ్ చేసి పెట్టుకున్నావని. ముప్పైకి తక్కువ చెప్పినవాడు లేడు. చూసినవి మాత్రం రెండు.

ఏదో ఒక్కటే పట్టుకోండి. పాఠం తెరవగానే ప్రింట్ (print, తెరమీద చూపించమని చెప్పే ఆదేశం) అనే మాట ఎలా రాశారో చూడండి, దాని పక్కన బ్రాకెట్లు లేకుంటే అది పైథాన్ 2 కాలం నాటిది, 2020 జనవరి 1తోనే దానికి సపోర్ట్ ఆగిపోయింది, ఇక చూడక్కర్లేదు. నేను ఒంగోలులో ఒక కోచింగ్ సెంటర్ ఇచ్చిన జిరాక్స్ నోట్సుతో మొదలుపెట్టి, ప్రింట్ కొట్టిన ప్రతిచోటా ఎర్రర్ వస్తుంటే సిస్టమే పాడైందనుకుని రెండుసార్లు పైథాన్ తీసేసి మళ్లీ ఎక్కించాను. బ్రాకెట్లు లేవని ఎర్రర్‌లోనే రాసి ఉంది, చదివితే కదా!

రెండోది, ఆ పాఠం మీచేత లెక్కలు చేయిస్తుందా? లేకపోతే సీరియల్ చూసినట్టే. హార్వర్డ్ వాళ్ల సీఎస్50 పైథాన్ కోర్సు ఉచితం, ఇచ్చే ప్రాబ్లమ్స్‌కి చెమటలు పడతాయి గానీ నా ఓటు దానికే. ఇంగ్లిష్ వేగం అందకపోతే ఎన్‌పీటీఈఎల్ (NPTEL) అనే ఆన్‌లైన్ పాఠాల సైట్లో ఐఐటీ వాళ్ల పాఠాలు ఊరికే చూడొచ్చు, సర్టిఫికెట్ పరీక్ష రాస్తేనే ఫీజు. పైథాన్ సొంత సైట్లో ఉన్న ట్యుటోరియల్ మంచిదే, కాకపోతే అసలేమీ తెలియనివాళ్లకి మొదట్లో కొరుకుడు పడదు, రెండు నెలల తర్వాత తెరవండి. ల్యాప్‌టాప్ లేదా? ఏదీ ఎక్కించకుండానే పైథాన్ రాసి నడిపించే గూగుల్ కొలాబ్ (Colab) సైటు ఫోన్ బ్రౌజర్‌లోనూ నడుస్తుంది, టైపింగే నరకం.

వారం తిరక్కుండా ఇంట్లో పనికొచ్చేది ఏదన్నా సొంతంగా రాయండి, పాఠం ఎంత ఎక్కిందో అక్కడ తెలుస్తుంది. నేను మా బాబాయి రొయ్యల గుంటకి మేత లెక్క రాశా. పొద్దున 25 కిలోలు, సాయంత్రం 30, కలిపితే 2530 వచ్చింది! ఎర్రర్ కూడా లేదు. మనం టైప్ చేసింది తీసుకునే ఇన్‌పుట్ (input) ఆదేశంతో వచ్చింది ఏదైనా పైథాన్‌కి అక్షరాలే, ఇంట్ (int) అనే ఆదేశంతో అంకెగా మార్చకపోతే కూడిక చేయదు, పక్కపక్కన అతికిస్తుంది. ఈ ముక్క మొదటి పాఠాల్లోనే చెప్పని కోర్సుని నేను ఎవరికీ చెప్పను. బాబాయి మాత్రం స్క్రీన్ చూసి, "రోజుకి రెండున్నర టన్నులా? రొయ్యలేమో గానీ ముందు నేను మునుగుతాన్రా" అన్నాడు.