ఈమెయిల్ అడ్రస్‌కు వ్యాకరణం రాయడం ఎలా?

అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారం చేసే మా బావగారికి ఆన్‌లైన్ ఆర్డర్ ఫారం చేసిపెట్టాను. నెల తిరక్కుండానే ఫోను. "ఏమయ్యా, బిల్లు మెయిల్లో వెళ్లిపోద్దన్నావు. పార్టీ రాలేదంటున్నాడు, లోడేమో రావులపాలెం దాటేసింది!"

చూస్తే కస్టమర్ కొట్టిన అడ్రస్ ఇలా ఉంది: కొబ్బరి.@ఉదాహరణ,భారత్ (అసలు అడ్రస్ కాదు, దాని తీరు మాత్రం ఇదే). నా ఫారం చూసినవి రెండే: @ ఉందా, ఎక్కడో ఒక చుక్క ఉందా. రెండూ ఉన్నాయి మరి! గుర్తులుంటే చాలదు, వరస కుదరాలి.

ఈ వరస సంగతి బడిలో తేటగీతి చదివినవాళ్లకు కొత్తేం కాదు. పాదమంటే ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్లీ రెండు సూర్యగణాలు. సూర్యగణమంటే నగణమో, హగణమో. నగణమంటే మూడు లఘువులు, హగణమంటే గురువు, లఘువు. ఇలా విడదీసుకుంటూ పోయి, ఇక విడదీయలేని గురులఘువుల దగ్గర ఆగుతాం. కంప్యూటర్ వాళ్ల ఫార్మల్ గ్రామర్ కూడా ఇదే పని చేస్తుంది. 1960 నాటి ఆల్గాల్ అనే ప్రోగ్రామింగ్ భాష నివేదికతో, బాకస్, నార్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్తల పేరు మీద ఈ రాత పద్ధతి స్థిరపడింది. దానికి పాణిని పేరు చేర్చాలని 1967లో ఒక సూచన కూడా వచ్చింది.

ముందు చిన్నదానితో చెయ్యి తిప్పుకోండి. బ్యాంకు ఐఎఫ్ఎస్‌సీ కోడ్ తీసుకుంటే (బాణం గుర్తుకు ఎడమవైపుది కుడివైపున ఉన్నవాటిగా విడిపోతుందని అర్థం):

కోడ్ → నాలుగు అక్షరాలు, ఒక సున్నా, ఆరు గుర్తులు
గుర్తు → అక్షరం లేదా అంకె

మొత్తం పదకొండు. అయిదోది ఎప్పుడూ సున్నానే. దాని బదులు ఇంగ్లీషు 'ఓ' కొట్టేవాళ్లు చాలామంది, వాళ్లు ఇక్కడే దొరికిపోతారు.

ఇప్పుడు ఈమెయిల్:

అడ్రస్ → పేరు @ డొమైన్
పేరు → ముక్క, ఆపై (చుక్క ముక్క) ఎన్నిసార్లైనా
ముక్క → ఒకటి లేదా అంతకన్నా ఎక్కువ గుర్తులు
డొమైన్ → లేబుల్, ఆపై (చుక్క లేబుల్) కనీసం ఒకసారి
లేబుల్ → అక్షరాలు, అంకెలు. మధ్యలో మాత్రమే హైఫన్

'రెండు చుక్కలు పక్కపక్కన రాకూడదు' అని వేరే నియమం రాయలేదు చూడండి. చుక్క తర్వాత ముక్క ఉండాలి, ముక్క ఖాళీగా ఉండకూడదు. అంతటితో జంట చుక్కలు, మొదటి చుక్క, చివరి చుక్క అన్నీ వాటంతటవే రాలిపోతాయి. వ్యాకరణంలో నాకు బాగా నచ్చేది ఇదే.

పేరులో వచ్చే 'గుర్తు' దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. అక్షరాలు, అంకెలతో పాటు ప్లస్, హైఫన్, అండర్‌స్కోర్ లాంటివీ చెల్లుతాయి. ప్లస్ ఉన్న నా అడ్రస్‌ను ఒక సైటు తప్పంటూ తిప్పి కొట్టింది, ఒళ్లు మండింది. తెలుగు అడ్రస్‌లకు 2012లోనే ప్రమాణం వచ్చింది, .భారత్ డొమైన్ కూడా ఉంది. వాటినీ తీసుకుంటానంటే ఒక మెలిక గుర్తుంచుకోండి: కంప్యూటర్‌కు 'కొ' అంటే ఒక అక్షరం కాదు, 'క', దాని మీద కొమ్ము... సారీ, ఒత్వం, రెండూ వేర్వేరు. 'అక్షరాలు మాత్రమే' అని రాస్తే గుణింతం గుర్తులు బయటే ఉండిపోతాయి. వాటినీ నియమంలో చేర్చాలి.

ఈమెయిల్ అసలు ప్రమాణాలు ఆర్‌ఎఫ్‌సీ (ఇంటర్నెట్ నియమాల పత్రాలు) 5321, 5322, రెండూ 2008వి. రెండోదానిలో బ్రాకెట్లో వ్యాఖ్య, దానిలో మళ్లీ బ్రాకెట్, అలా ఎంత లోతుకైనా పోవచ్చు. తెరిచినవన్నీ మూశారా అని లెక్కపెట్టడం మామూలు రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ (గుర్తుల వరసను ఒక్క లైన్లో వర్ణించే రాత) వల్ల కాదు, వ్యాకరణం వల్ల అవుతుంది. కానీ కొబ్బరికాయల ఫారానికి అవన్నీ ఎందుకు? వదిలేయండి.

రాసిన నియమాలను పైథాన్‌లో లార్క్ అనే పరికరానికో, జావాలో యాంట్లర్‌కో ఇస్తే పార్సర్, అంటే వచ్చిన వరస నియమాలకు సరిపోతుందో లేదో చూసే ప్రోగ్రామ్, తయారవుతుంది. పై నియమాల్లో ఏదీ తనను తాను పిలుచుకోదు కాబట్టి వాటిని అతికించి రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌గానూ మార్చుకోవచ్చు. అలా చేస్తే మొదటి గుర్తు నుంచి చివరిదాకా సరిపోవాలని చెప్పడం మరవకండి. లేకపోతే చెత్త మధ్యలో మంచి అడ్రస్ ఒకటి కనిపించినా పాస్ చేసేస్తుంది.

పొడవు కొలతలు విడిగా చూడండి: @ ముందు 64 బైట్లు మించకూడదు, ఒక్కో లేబుల్ 63. చివర అంటుకున్న ఖాళీని పరీక్షకు ముందే తీసేయండి, ఫోను కీబోర్డులు దాన్ని ఊరికే తగిలిస్తుంటాయి.

తర్వాత ఒక పట్టీలో పదిహేను మంచివి, పదిహేను చెడ్డవి రాసి, నియమం మార్చిన ప్రతిసారీ అన్నీ నడపండి. చెడ్డవాటికి మీకొచ్చిన తప్పులే వాడండి, ఊహించి రాసినవాటికన్నా అవే ఎక్కువ పట్టిస్తాయి.

ఇంత చేసినా అడ్రస్ రూపం బాగుందని మాత్రమే తేలుతుంది. ఆ పెట్టె నిజంగా ఉందో లేదో తెలియాలంటే దానికి ఒక లింకు పంపి నొక్కించాల్సిందే.

ఇక తప్పు చెప్పే తీరు. పార్సర్ ఏ స్థానంలో ఆగిందో చెబుతుంది, దాన్ని వాడుకోండి. మా బావగారి ఫారం ఇప్పుడు "అడ్రస్ చెల్లదు" అనదు. "చుక్క తర్వాత అక్షరం ఉండాలి, @ వచ్చింది" అంటుంది. అది సరిచేస్తే, "ఇక్కడ కామా కాదు, చుక్క పెట్టండి" అంటుంది.