పెళ్లికి ముందు చర్మం సంగతి: తేదీ నుంచి వెనక్కి లెక్కేయండి

పెళ్లి తేదీ ఖాయం కాగానే బట్టలు, ఫొటోగ్రాఫర్ అంటూ హడావిడి మొదలవుతుంది. చర్మం మాత్రం ఆఖరి వారంలో గుర్తొస్తుంది. అప్పటికి చేయగలిగేది పెద్దగా ఉండదు.

చర్మం పై పొర కొత్తగా మారడానికే దాదాపు 4 వారాలు పడుతుంది. మొటిమలకు డాక్టర్లు రాసే రెటినాయిడ్ క్రీమ్ ఫలితం కనిపించాలంటే 12 వారాలైనా ఆగాలి. పైగా మొదట్లో మొటిమలు ఇంకాస్త ఎక్కువై, పొట్టు రేగి, టెన్షన్ పెడుతుంది. ఆ దశ పెళ్లి నెలలో రాకూడదు కదా! అందుకే 6 నెలల ముందే డాక్టర్‌ని కలవడం మంచిది. ముఖంపై లేజర్‌తో వెంట్రుకలు తీయించుకోవాలన్నా అంతే. సిట్టింగ్‌కీ సిట్టింగ్‌కీ మధ్య సుమారు 4 నుంచి 6 వారాలు ఆగాలి, అదీ ఒకటి రెండింటితో అయిపోదు.

మా చెల్లి తన పెళ్లికి రెండు రోజుల ముందు ఎప్పుడూ చేయించుకోని ఫేషియల్ చేయించుకుంది. తెల్లారేసరికి బుగ్గల నిండా ఆవగింజలంత ఎర్రటి పొక్కులు. మేకప్ వేసేకొద్దీ అవే తేలాయి.

కాబట్టి చివరి నెలలో కొత్తది ఏదీ వద్దు. అంతకుముందైనా కొత్త క్రీమ్ కొంటే మోచేతి లోపలి వైపు రోజుకు రెండుసార్లు చొప్పున 7 నుంచి 10 రోజులు రాసి చూడండి. రెటినాయిడ్ వాడుతుంటే వ్యాక్సింగ్ చేసేవాళ్లకు ముందే చెప్పండి, లేదంటే చర్మం ఊడి రావచ్చు. సన్‌స్క్రీన్ మాత్రం ఈరోజే మొదలుపెట్టండి, పెళ్లికొడుకులు కూడా.