డాండెలియన్‌ను మందుగా వాడాలనుకుంటే ఏం చూసుకోవాలి, ఎలా కాచుకోవాలి?

డాండెలియన్ అంటే నేలను ఆనుకుని పెరిగి పసుపు పూలు పూసే ఒక మొక్క. దాని పొడి అమ్మేవాళ్లు ఎక్కువగా చెప్పే మాట "లివర్‌ను శుభ్రం చేస్తుంది" అని. యూరప్‌లో మందులను పర్యవేక్షించే యూరోపియన్ మెడిసిన్స్ ఏజెన్సీ మాత్రం లివర్ జబ్బు ఉన్నవాళ్లు ఈ మొక్కను వాడొద్దని హెచ్చరిస్తోంది. కాబట్టి పొయ్యి వెలిగించే ముందే తేల్చుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి.

1. దేనికోసం తాగాలనుకుంటున్నారో తేల్చుకోండి

ఆ ఏజెన్సీ ఒప్పుకున్న ఉపయోగాలు రెండే. ఒకటి, కడుపు ఉబ్బరం, అరుగుదల మందగించడం, ఆకలి తగ్గడం లాంటి చిన్న ఇబ్బందులు. రెండోది, మూత్ర సంబంధమైన చిన్నపాటి సమస్యల్లో ఇతర జాగ్రత్తలకు తోడుగా మూత్రం ధారాళంగా వచ్చేలా చూడటం. వీటికి కూడా "సంప్రదాయ వాడుక" అనే ముద్రే వేసింది. ఏళ్ల తరబడి జనం వాడుతున్నారు, పెద్దగా హాని కనబడలేదు అని ఆ ముద్రకు అర్థం. పరీక్షల్లో రుజువైందని కాదు. షుగర్, క్యాన్సర్, కొవ్వు పట్టిన లివర్ ఈ జాబితాలో లేవు.

2. ఎవరైనా "పరిశోధనలో తేలింది" అంటే, ఎవరి మీద తేలిందని అడగండి

ఈ ఒక్క ప్రశ్నకే సగం ప్రచారం రాలిపోతుంది. డాండెలియన్ ఆకు ఫ్యూరోసెమైడ్ (మూత్రం ఎక్కువగా వచ్చేలా చేసే మందు, బీపీకీ వాడతారు) మాత్రతో సమానంగా పనిచేస్తుందన్న మాట 1974 నాటి ఒక ప్రయోగం నుంచి వచ్చింది. అది చేసింది ఎలుకల మీద. మనుషుల మీద చేసినది 2009లో వచ్చింది. 17 మందికి ఒకే ఒక్క రోజు మూడు మోతాదుల ఆకు సారం ఇచ్చి చూశారు. మొదటి మోతాదు తర్వాత ఐదు గంటల్లో ఎక్కువసార్లు మూత్రానికి వెళ్లారు. మూడో మోతాదుకు చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పోల్చి చూడటానికి మందు తీసుకోని గుంపంటూ లేదు. ఆకుకు మూత్రాన్ని పెంచే గుణం కొంత ఉండొచ్చని మాత్రమే దీన్నిబట్టి అనగలం. బీపీ మాత్ర మానేసి దీన్ని తాగడానికి ఇది ఏమాత్రం చాలదు.

మూత్రంలో ఇన్ఫెక్షన్ మళ్లీ మళ్లీ వచ్చే 57 మంది మహిళల మీద జరిగిన మరో పరీక్ష 1993లో ప్రచురితమైంది. ఫలితాలు బాగున్నాయి. కానీ వాళ్లకిచ్చింది డాండెలియన్‌తో పాటు బేర్‌బెర్రీ అనే మరో మొక్క ఆకు కలిపిన మందు. మేలు చేసింది ఏదో విడదీసి చెప్పలేం.

క్యాన్సర్ సంగతికొస్తే, వేరు సారం కొన్ని క్యాన్సర్ కణాలను చంపిన మాట నిజమే, గాజు పాత్రలో. కణాల మీద నేరుగా పోసినంత గాఢత కప్పు కషాయంతో రక్తంలోకి చేరుతుందని ఎవరూ చూపలేదు.

3. మీకు కుదురుతుందో లేదో చూసుకోండి

పిత్తాశయంలో రాళ్లు, పిత్తనాళంలో అడ్డు, కడుపులో మానని పుండు, లివర్ జబ్బు... వీటిలో ఏది ఉన్నా దీని జోలికి వెళ్లొద్దు. ఈ మొక్క చేదు పిత్తాన్ని ప్రేరేపిస్తుందని భావిస్తారు. దారి మూసుకుపోయిన చోట అదే ప్రమాదం.

కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు, ఒంట్లో పొటాషియాన్ని నిలిపి ఉంచే స్పైరోనోలాక్టోన్ లాంటి మాత్రలు వాడేవాళ్లకు పొటాషియం పేరుకుపోయే సమస్య. 100 గ్రాముల పచ్చి ఆకులో దాదాపు 400 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. ఆకులో విటమిన్ కె కూడా చాలా ఎక్కువ. రక్తం గడ్డకట్టకుండా వార్‌ఫరిన్ వాడుతున్నవారు ఉన్నట్టుండి రోజూ ఈ ఆకుకూర తింటే మందు బలం తగ్గుతుంది. మానసిక జబ్బులకు ఇచ్చే లిథియం వాడేవాళ్లూ డాక్టర్‌ను అడగాలి. చామంతి జాతి పూలు పడనివాళ్లకు ఇదీ పడకపోవచ్చు, ఎందుకంటే రెండూ ఒకే కుటుంబం. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు, 12 ఏళ్ల లోపు పిల్లలకు సరిపడా సమాచారం లేదు, ఇవ్వకపోవడమే మేలు.

4. మొక్కను సరిగ్గా గుర్తుపట్టండి

ఆకులన్నీ నేలను ఆనుకుని ఒకే మొదలు నుంచి చుట్టూ పరుచుకుంటాయి. అంచులు రంపపు పళ్లలా ఉండి, ఆ పళ్లు మొదలు వైపు తిరిగి ఉంటాయి. పూకాడ బోలుగా, ఆకులూ కొమ్మలూ లేకుండా ఉంటుంది. కొసన ఒకే ఒక్క పసుపు పువ్వు. కాడ తుంచితే తెల్లటి పాలు కారతాయి. కాడ చీలి రెండు మూడు పూలు పూసినా, ఆకు బాగా నూగుగా ఉన్నా అది వేరే మొక్క. పాలు ఒక్కటే చూసి నిర్ణయించుకోవద్దు, పాలు కారే మొక్కలు బోలెడు. రోడ్డు పక్కన, కలుపు మందు కొట్టిన పచ్చికలో పెరిగినవి వదిలేయండి.

5. కాచుకోండి

ఎండిన ఆకైతే 4 గ్రాములు కప్పులో వేసి, మరిగిన నీళ్లు 150 మిల్లీలీటర్లు పోసి, మూతపెట్టి పది నిమిషాలుంచి వడగట్టాలి. వేరు గట్టిది, నానబెడితే చాలదు. 3 గ్రాముల ముక్కల్ని చన్నీళ్లలో వేసి, సన్నటి మంట మీద పది పదిహేను నిమిషాలు మరగనివ్వాలి. రోజుకు మూడుసార్లు మించొద్దు. మొదటి రోజు ఒక్కసారి తాగి చూడండి. ఆకలి కోసమైతే భోజనానికి కాస్త ముందు తాగడం వాడుక. చేదును తేనెతో పూర్తిగా కప్పేయకండి, ఆకలి పుట్టించేది ఆ చేదేనని నమ్మకం.

శరదృతువులో తవ్విన వేరులో ఇన్యులిన్ అనే పీచు బాగా ఉంటుంది. పేగుల్లోని బ్యాక్టీరియాకు అది ఆహారమే గానీ, కొందరికి గ్యాస్ ఇంకా పెంచుతుంది. ఉబ్బరానికని తాగి ఉబ్బరం తెచ్చుకున్నట్టు అనిపిస్తే వేరు మాని ఆకు చూడండి.

6. ఎక్కడ ఆపాలో ముందే అనుకోండి

రెండు వారాల్లో తేడా కనబడకపోతే ఆపేసి డాక్టర్‌ను కలవండి. మూత్రంలో మంటతో పాటు జ్వరం, వణుకు, రక్తం కనిపిస్తే రెండు వారాలు ఆగొద్దు. కళ్లు పచ్చబడినా, కుడి డొక్కలో నొప్పి మొదలైనా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. ఏం తాగుతున్నారో, ఎన్నాళ్లుగా తాగుతున్నారో అడగకపోయినా చెప్పండి. ప్యాకెట్ ఉంటే వెంట తీసుకెళ్లండి.