పాత అమెరికా రంగు కుర్చీలు – 4వ పాఠం: పచ్చి వార్నిష్ మీద కంచు పొడి

పోయిన పాఠంలో కుర్చీకి ఇటుక ఎరుపు పూశాం. అది ఆరాక పల్చటి నలుపు వేసి, తడి మీదే నలిపిన గుడ్డతో అద్ది రోజ్‌వుడ్ కలపలా కనిపించే చారలు తెప్పించాం. అది పూర్తిగా ఆరితేనే ఇవాళ్టి పని మొదలుపెట్టండి. వీపు పలక మీద కంచు పొడితో ద్రాక్షగుత్తి వేయబోతున్నాం.

నెపోలియన్ కాలపు ఫ్రెంచి ఎంపైర్ శైలి సామాన్లకు బంగారు పూత పూసిన లోహపు నగిషీలు బిగించేవారు. ఆ మెరుపును తక్కువ ఖర్చుతో మామూలు ఇళ్లకు తెచ్చింది ఈ పొడే. కనెక్టికట్‌లో లాంబర్ట్ హిచ్‌కాక్ కార్ఖానా కుర్చీలు దీనికి బాగా పేరుపడ్డాయి. 1825–1832 నాటి వాటికి సీటు వెనక అంచున ఆయన పేరు అచ్చు కనిపిస్తుంది.

కంచు పొడి అంటాం గానీ అది రాగి, జింకు కలిసిన ఇత్తడి. ఊపిరితిత్తుల్లోకి పోకూడదు, మాస్కు తప్పనిసరి. ఫ్యాను ఆపేయండి.

అచ్చుకోసం పాలిస్టర్ షీటులో ఒకే ఒక్క ద్రాక్షపండంత గుండ్రటి రంధ్రం, వేరే ముక్కలో ఒక ఆకు కోయండి. గుత్తి మొత్తాన్ని ఒకే షీటులో కోస్తే పని త్వరగా అవుతుంది కానీ బొమ్మ చదునుగా ఉంటుంది. తర్వాతి కాలపు చౌక కుర్చీల్లో లోపం అదే.

పలకకు నూనె వార్నిష్ ఒక్క పల్చటి పూత వేయండి. గడియారం చూడకండి, వేలి కణుపుతో చూడండి: కణుపు కాస్త పట్టుకుని వదలాలి, గుర్తు మిగలకూడదు. తొందరపడితే పొడి వార్నిష్‌లో మునిగి మట్టిరంగుకు మారుతుంది, షీటు కూడా అతుక్కుంటుంది. ఆలస్యమైతే పొడి పట్టదు, తుడిస్తే పోతుంది. వానాకాలంలో ఆరడం నెమ్మది.

చూపుడు వేలికి మఖమల్ గుడ్డ చుట్టి పొడిలో అద్దండి, ఎక్కువైంది కాగితం మీద దులిపేయండి. షీటును పలక మీద పెట్టి, రంధ్రంలోంచి పండుకు ఒక పక్కన గట్టిగా రుద్ది, అక్కణ్నుంచి చుట్టూ తేలిక చేస్తూ రండి. పొడి లేని నలుపే నీడ, వేరే రంగు అక్కర్లేదు. ముందున్న పండు మొదట పూర్తి చేయాలి. దాని వెనక పండు మొదటిదాన్ని తాకకముందే మసకబారిపోవాలి. ఈ వరస తప్పితే గుత్తి కాదు, నాణేల కుప్ప అవుతుంది.

ఒక రోజు ఆగి, తడి స్పాంజితో మెత్తగా కడిగి విడి పొడి తీసేయండి. ఆరాక పైన వార్నిష్ వేయకపోతే ఇత్తడి నల్లబడుతుంది. పసుపు గీతలు లాగడం 5వ పాఠంలో. అప్పటికి ఈ పూత గట్టిపడి ఉండాలి.