అమ్మకి మనసు జబ్బని పిల్లలకి ఎలా చెప్పాలి

ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం వైపు తెలుగిళ్లలో ఈ జబ్బు సంగతి పెద్దవాళ్లు తలుపు చాటునే మాట్లాడుకుంటారు. పిల్లకి సగం వినబడుతుంది. మిగతా సగం తనే కల్పించుకుంటుంది: "నేను అల్లరి చేశానని అమ్మ ఏడుస్తోంది." అందుకే ఏ వయసు పిల్లకైనా ముందు చెప్పాల్సింది ఒకటే: "ఇది నీ వల్ల రాలేదు."

కాస్త నెమ్మదిగా ఉన్న రోజు చూసి ముందు అమ్మనే అడగండి, పిల్లకి ఏం చెప్పమంటావు, పక్కన కూర్చుంటావా అని. పగటిపూట, అన్నం తిన్నాక, పది నిమిషాలు చాలు. రాత్రి చెబితే ఆ భయంతోనే పడుకుంటుంది. ఇంట్లో గొడవైన రోజు అసలొద్దు.

నాలుగైదేళ్ల పిల్లకి మూడు మాటలు: "అమ్మకి జబ్బు చేసింది. అందుకే ఎక్కువసేపు పడుకుంటోంది. నీకు నాయనమ్మ అన్నం పెడుతుంది, నాన్న స్కూలుకి తీసుకెళ్తాడు." ఆ వయసులో అసలు బెంగ తనని ఎవరు చూస్తారనే.

ఎనిమిది, తొమ్మిదేళ్లకి జబ్బు పేరు, మందుల సంగతి చెప్పొచ్చు. "రేపటికి తగ్గిపోద్ది" అనకండి. డిప్రెషన్ మాత్రలు పనిచేయడానికి సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. రేపు తగ్గకపోతే పిల్ల మీ మాట నమ్మడం మానేస్తుంది. ఆసుపత్రిలో చేర్చినప్పుడు "ఊరెళ్లింది" అన్నా అంతే. బరంపురం పెద్దాసుపత్రిలో ఉందనే చెప్పండి. మూడేళ్లలోపు బిడ్డ తల్లి దగ్గరే ఉంటే, చికిత్స సమయంలో మామూలుగా వాళ్లని విడదీయకూడదని 2017 మానసిక ఆరోగ్య చట్టం చెబుతోంది.

పన్నెండు దాటినవాళ్లు "నాకూ వస్తుందా?" అని అడుగుతారు. కుటుంబంలో ఉంటే అవకాశం కొంత ఎక్కువేనని, వచ్చి తీరాలని లేదని, వస్తే వైద్యం ఉందని చెప్పండి.

గాలి సోకిందని, ఎవరో చేయించారని ఇంట్లో పెద్దవాళ్లు అంటారు. పిల్ల ముందు వాళ్లతో వాదించకండి. తర్వాత పిల్లతో విడిగా "ఇది జబ్బు, ఎవరూ చేసింది కాదు" అని తప్పకుండా చెప్పండి. లేకపోతే పక్కింటావిడని చూసి భయపడుతుంది, చివరికి అమ్మ దగ్గరికీ వెళ్లదు.

ఒడియా స్కూల్లో "పాగళ" (పిచ్చి) అని ఎవరైనా అంటే ఏం చెప్పాలో ముందే ఇంట్లో పిల్లచేత అనిపించండి: "మో మా దేహ భల నాహిఁ", అంటే మా అమ్మకి ఒంట్లో బాగోలేదు అని. అంతకు మించి ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు. క్లాస్ టీచరు ఒక్కరికి మాత్రం మీరే చెప్పి ఉంచండి.

అమ్మ మాత్ర వేసుకుందో లేదో చూసే పని పిల్లకి అప్పగించొద్దు. ఒకపూట తప్పితే ఆ నేరం తన మీదే వేసుకుంటుంది. మాత్రలు, పురుగుమందు పెద్దవాళ్ల తాళంలో ఉండాలి.

"చచ్చిపోతాను" అని అమ్మ అంటే, ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నా సరే, వెంటనే పెద్దవాళ్లకి చెప్పాలని నేర్పండి. ఏ ఇంటికి పరుగెత్తాలో ముందే చూపించండి. గోడ మీద నాన్న నంబరు, ఆ ఇంటివాళ్ల నంబరు, అంబులెన్సుకి 108, పిల్లల సాయానికి 1098, మానసిక సలహాకి 14416 పెద్దక్షరాలతో రాయండి. 14416 ఇరవైనాలుగు గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడాలని అడగండి. పిల్ల చదివేది ఒడియా బడిలో అయితే ఏ నంబరు ఎవరిదో ఒడియా అక్షరాల్లో రాయండి, తెలుగు చదవడం రాకపోవచ్చు.